కొన్న ఇంజను ఏ ఊరిది? వారసత్వ రైలుమార్గాలకు విదేశీ ఆవిరి ఇంజన్ల కొనుగోలు: నౌపడ–గుణుపురం చిన్నరైలు నేపథ్యంలో నైతిక పరిశీలన

వ్యాససంగ్రహం:

మూతబడిన రైలుమార్గాలను వారసత్వ సంపదగా తిరిగి నడిపే సంస్థలు తమకు కావలసిన ఆవిరి ఇంజన్లను తరచు పరదేశాల నుండి కొని తెచ్చుకుంటున్నాయి. ఈ కొనుగోళ్లను సమర్థిస్తూ 'తయారైన దేశానికే తిరిగి చేరింది' అనీ, 'తుక్కు కాకుండా కాపాడబడింది' అనీ రెండు వాదాలు వినిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుండి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వరకు నడిచిన నేరోగేజ్ రైలు చరిత్రను ఆధారంగా తీసుకొని ఈ రెండు వాదాల బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆవిరి ఇంజను, నేరోగేజ్, పర్లాకిమిడి లైట్ రైల్వే, నౌపడ, పారిశ్రామిక వారసత్వం, పురావస్తు చట్టం.

1. ఉపోద్ఘాతం:

చిత్తరంజన్ కర్మాగారం 1970లో తన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజనును తయారుచేసి దానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టింది. మరో పాతికేళ్లకు, 1995 డిసెంబరులో, భారతీయ రైల్వే బ్రాడ్‌గేజ్ మార్గాలపై ఆవిరి ఇంజన్ల నిత్య సర్వీసులు ఆగిపోయాయి. ఇతర దేశాల్లోనూ కొంచెం ముందువెనుకలుగా ఇదే జరిగింది. రవాణా సాధనంగా ఆవిరి ఇంజను కాలం ముగిసిన తరువాత వారసత్వ వస్తువుగా దాని రెండో జీవితం మొదలైంది. బ్రిటన్‌లో మూతబడిన చిన్న మార్గాలను స్వచ్ఛంద సంఘాలు, ట్రస్టులు చేతికి తీసుకొని, ప్రయాణ అవసరం కోసం కాక చరిత్ర పరిరక్షణ కోసమూ వినోదం కోసమూ నడపసాగాయి. వీటినే వారసత్వ రైలుమార్గాలు అంటున్నారు. మన దేశంలో డార్జిలింగ్ (1999), నీలగిరి (2005), కాల్కా–సిమ్లా (2008) మార్గాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఇవి మూతబడకుండా రైల్వేశాఖ ఆధీనంలోనే కొనసాగుతున్నవి కనుక వీటి స్థితి వేరు.

తిరిగి తెరిచిన మార్గానికి పట్టాలు, స్టేషన్లు మిగిలి ఉండవచ్చు గాని ఇంజన్లు మిగలవు. అవి ఎప్పుడో తుక్కు కింద అమ్ముడుపోయి ఉంటాయి. అప్పుడు అదే గేజ్‌కు సరిపోయే ఇంజను ఏ దేశంలో ఉందా అని వెతుకులాట మొదలవుతుంది. అమ్మేవారు ఇష్టపడి అమ్ముతున్నారు, కొనేవారు డబ్బిచ్చి కొంటున్నారు. ఇందులో నైతిక సమస్య ఎక్కడుందనే ప్రశ్న సహజం. ఆ ప్రశ్నకు సమాధానం ఇంజను వెళ్లిన చోట కంటే అది విడిచివచ్చిన చోట వెతకడం మేలు. అందుకు తెలుగునేలపై నౌపడ కంటే తగిన చోటు కనిపించదు.

2. నౌపడ నుండి గుణుపురం దాకా:

మద్రాసు–కలకత్తా ప్రధాన మార్గంపై, ఉప్పుమళ్లకు పేరుపొందిన తీరప్రాంతపు స్టేషను నౌపడ. అక్కడి నుండి తన రాజధానికి రైలు వేయాలని పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి సంకల్పించాడు. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో, 2 అడుగుల 6 అంగుళాల గేజ్‌తో, దాదాపు 40 కిలోమీటర్ల మార్గం నిర్మాణమైంది. 1900 ఏప్రిల్ 1న రాకపోకలు ఆరంభమయ్యాయి. టెక్కలి, పాతపట్నం మీదుగా సాగిన ఈ మార్గమే పర్లాకిమిడి లైట్ రైల్వే. తొలి ఏళ్లలో నష్టాలే వచ్చాయి. 1910 తరువాత గాని స్వల్పలాభాలు కనిపించలేదు. ఆ లాభాలు పెరగడంతో 1929, 1931లలో రెండు దశలుగా గుణుపురం వరకు పొడిగింపు జరిగి, మొత్తం నిడివి 90 కిలోమీటర్లకు చేరింది.

ఈ రైలు నడిచిన నేలలో అధికభాగం ఆనాడు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోది. 1936లో ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరగా, పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. ఒరిస్సా ఏర్పడినది కూడా ఏప్రిల్ 1నే. రైలుకు సరిగ్గా 36 ఏళ్లు నిండిన రోజున అది రెండు రాష్ట్రాల రైలైంది. పర్లాకిమిడిలో దీర్ఘకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి ఆ విభజనను నిరసించి ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరిన సంగతి సాహిత్యచరిత్రకారులకు పరిచితమే. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం వెలువడినది, రైలు సవరసీమలోని గుణుపురం చేరినది ఒకే ఏడాది, 1931. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఉందని కాదు. ఈ రైలు ఎంతటి బహుభాషా ప్రాంతంలో తిరిగిందో గుర్తుచేయడానికి ఆ కాలసామ్యం ఉపకరిస్తుంది.

స్వాతంత్ర్యానంతరం ఆవిరి పోయి డీజిలు వచ్చింది. 2004లో నేరోగేజ్ సర్వీసులు ఆగిపోయాయి. గేజ్ మార్పిడి పూర్తయి 2011లో బ్రాడ్‌గేజ్ రైలు గుణుపురం చేరింది. దీనిని చరిత్రకు జరిగిన అన్యాయంగా చిత్రించడం సరికాదు. ప్రధాన మార్గపు బండ్లు నేరుగా రావాలన్నది అక్కడి ప్రజల న్యాయమైన కోరిక. నౌపడలో సరుకు దించి మరో బండిలోకి ఎక్కించే శ్రమ ఎన్నాళ్లు పడాలి? వారసత్వాభిమానం పేరిట దూరాన ఉన్నవారు ఆ శ్రమను కొనసాగించమనడం కూడా ఒక అనౌచిత్యమే. అయితే మార్గం పోయాక ఆ ఇంజన్లపై హక్కు ఎవరిదన్నది వేరే విషయం.

3. 'పుట్టింటికి చేరింది' అనే వాదం:

విదేశాల నుండి కొన్న ఇంజన్ల గురించి బ్రిటన్‌లో తరచు వినిపించే మాట అది ఇక్కడ పుట్టిందే, ఇంటికి తిరిగి వచ్చిందని. గ్లాస్గో నగరం ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. నార్త్ బ్రిటిష్ కంపెనీ 1945లో అక్కడ తయారుచేసిన 3007 సంఖ్య గల ఇంజను జీవితమంతా దక్షిణాఫ్రికాలో పనిచేసింది. నగరపాలకులు దానిని కొని 2007లో గ్లాస్గోకు రప్పించారు. ఇప్పుడది అక్కడి రివర్‌సైడ్ మ్యూజియంలో ఉంది. ఒకనాడు ప్రపంచానికంతటికీ ఇంజన్లు పంపిన నగరంలో, ఆ పనిచేసిన కుటుంబాలు ఇంకా బతికి ఉండగా, వారి చేతిపనికి ఒక నిదర్శనం ఉండాలనుకోవడంలో తప్పులేదు. ఆ మేరకు ఈ వాదానికి గౌరవం ఇవ్వవలసిందే.

కాని దీనిని సాధారణ సూత్రంగా అంగీకరిస్తే వచ్చే ఫలితం విపరీతం. పర్లాకిమిడి మార్గపు ఆవిరి ఇంజన్లు కూడా బ్రిటిష్ కర్మాగారాల్లో తయారైనవే. ఆ లెక్కన అవన్నీ తాత్కాలికంగా ఇక్కడికి వచ్చిన అతిథులవుతాయి! వాటి వెల ఎవరు చెల్లించారో చూస్తే ఈ వాదం నిలవదు. జమీందారీ సంస్థానానికి ప్రధానాదాయం భూమిశిస్తు. రాజా ఖజానా నుండి వెళ్లిన ప్రతి రూపాయి వెనుక మడి దున్నిన రైతు ఉన్నాడు. కర్మాగారానికి రావలసిన సొమ్ము పూర్తిగా ముట్టింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి బొగ్గువేసిన ఫైర్‌మన్లు, నడిపిన డ్రైవర్లు, షెడ్డుల్లో గొట్టాలు మార్చి, అరిగిన భాగాలు పోతపోసి బిగించిన ఫిట్టర్లు, ఖలాసీలు ఈ ప్రాంతీయులు. ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజనులో తయారీనాటి లోహం ఎంత మిగులుతుందో, మరమ్మతుల్లో చేరినది ఎంతో రైల్వే వర్క్‌షాపు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పుట్టుక ఒకచోట ఏడాది వ్యవహారం, జీవితం మరోచోట నూరేళ్ల వ్యవహారం.

లేటన్ బజర్డ్ చిన్నరైలులో ఉన్న 778 సంఖ్య గల బాల్డ్విన్ ఇంజను ఈ వాదాన్ని మరింత చిక్కున పడేస్తుంది. అది 1917లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తయారైంది. బ్రిటిష్ సైన్యం కోసం మొదటి ప్రపంచయుద్ధపు కందకాల రైళ్లకు ఉద్దేశించినది. యుద్ధానంతరం మన దేశపు చక్కెర మిల్లుల సేవలో దశాబ్దాలు గడిపి, చివరకు ఇంగ్లండు చేరింది. దీని ఇల్లేది? యుద్ధ చరిత్రకారుడు ఒక జవాబు, చెరకు కార్మికుడి మనుమడు మరొక జవాబు ఇస్తారు. ఇంజను మొగాన రాసిన రంగు మాత్రం ఒకే జవాబు చెబుతుంది. దానిని సైనిక రూపంలోకి మార్చడంతో భారతదేశపు అధ్యాయం చూసేవారి కంటికి కనిపించకుండా పోతుంది. కొనుగోలు కంటే ఈ చెరిపివేత ఎక్కువ ఆలోచించదగినది.

4. తుక్కు నుండి కాపాడడం – వెల్ష్‌పూల్, ఫ్రీటౌన్:

రెండో వాదం మొదటిదానికంటే బలమైనది. కొనకపోతే ఆ ఇంజను కొలిమి పాలయ్యేది కదా అన్నది దాని సారం. దీనిని పరీక్షించడానికి పర్లాకిమిడి మార్గంతో గేజ్‌లోనూ వయసులోనూ దగ్గరగా ఉన్న వేల్స్‌లోని వెల్ష్‌పూల్–లాన్‌ఫెయిర్ మార్గాన్ని పరిశీలించవచ్చు. అదీ 2 అడుగుల 6 అంగుళాల మార్గమే. పర్లాకిమిడి రైలు తరువాత మూడేళ్లకు, 1903లో మొదలైంది. 1956లో మూతబడి, 1963లో స్వచ్ఛంద సేవకుల చేతుల్లో తిరిగి తెరుచుకుంది. దాని సొంత ఇంజన్లు రెండే రెండు. బ్రిటన్‌లో ఆ గేజ్ అరుదు కనుక అదనపు ఇంజన్లకు దేశం బయట చూడక తప్పలేదు. ఆస్ట్రియా నుండి, ఆంటిగ్వా చెరకుతోటల నుండి, సియెరాలియోన్ నుండి ఇంజన్లు చేరాయి.

ఇందులో సియెరాలియోన్ కథ ప్రత్యేకంగా చెప్పదగినది. ఆ పశ్చిమాఫ్రికా దేశపు ప్రభుత్వ రైల్వే 1970ల మధ్యలో మూతబడింది. 1975లో 85వ నంబరు ఇంజను, కొన్ని పెట్టెలు వెల్ష్‌పూల్‌కు వచ్చాయి. ఆ క్షణానికి తుక్కువాదం అక్షరాలా నిజం. తక్కినవాటిలో అధికభాగం మిగలలేదు. కాని కథ అక్కడితో ఆగలేదు. ఫ్రీటౌన్‌లోని పాత వర్క్‌షాపులో కొన్ని ఇంజన్లు, పెట్టెలు దాగి ఉండిపోయాయి. సుదీర్ఘ అంతర్యుద్ధం ముగిశాక, అక్కడ పనిచేస్తున్న ఒక బ్రిటిష్ సైనికాధికారి చొరవతో, స్థానికుల శ్రమతో వాటిని శుభ్రపరచి 2005లో జాతీయ రైల్వే మ్యూజియంగా తెరిచారు. ఆ దేశపు పిల్లలకు తమ రైల్వే ఎలా ఉండేదో చూపడానికి ఇప్పుడు ఒక చోటుంది.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. 1975లో కొన్నవారిని తప్పుపట్టలేము. వారు కొనకపోతే ఆ ఇంజను దక్కేదని చెప్పడానికి ఆధారం లేదు. అయితే 'అక్కడివారికి దీనిపై ఆసక్తి లేదు' అన్న మాట ఒకానొక సంవత్సరంలో నిజమైనా ఎల్లకాలం నిజం కాదని 2005 రుజువు చేసింది. దారిద్ర్యం, యుద్ధం ఉన్నంతకాలం మ్యూజియాలకు డబ్బుండదు. దానిని ఆసక్తిలేమిగా లెక్కకట్టడం తొందరపాటు. కాపాడినవారికి కృతజ్ఞతతో పాటు ఒక బాధ్యత కూడా సంక్రమిస్తుంది. మూలస్థానంలో అడిగేవారు పుట్టిననాడు చిత్రపటాలు, కొలతలు, విడిభాగాల నమూనాలు, అవసరమైతే ఇంజనునే కొంతకాలం ఇచ్చేందుకు సిద్ధపడడమే ఆ బాధ్యత.

అన్ని కొనుగోళ్లకూ ఇంత బరువు లేదన్నదీ నిజమే. ఇన్నర్ మంగోలియాలోని జిటోంగ్ మార్గంలో 2005 డిసెంబరుతో ఆవిరి సర్వీసులు ముగిసిన వెంటనే అమెరికాలోని అయోవా ఇంటర్‌స్టేట్ రైల్వే రెండు క్యూజే తరగతి ఇంజన్లను కొన్నది. చైనా ఆ తరగతి ఇంజన్లను 1988 వరకు నాలుగు వేలకు పైగా తయారుచేసింది. వాటిలో రెండు సముద్రం దాటితే చైనా చరిత్రకు లోటు రాదు. పదులలోపే తయారై, ఒకే మార్గంలో తిరిగిన ఇంజను మాట అలా కాదు. ఒకటి పోతే ఆ ఊరి చరిత్రలో ఒక పుట చిరిగినట్టే.

5. ధర తెలిసినవారు, తెలియనివారు:

ప్రభుత్వ రైల్వేలు పాత ఇంజనును సాధారణంగా ఇనుము బరువు లెక్కన వేలం వేస్తాయి. వేలం నిర్వహించే స్టోర్సు విభాగపు అధికారికి అది టన్నుల్లో ఒక అంకె. దూరదేశపు సంగ్రాహకుడికి మాత్రం దాని వరుస సంఖ్య, తయారీ సంవత్సరం, ఆ తరగతిలో ఇంకెన్ని మిగిలాయో కూడా తెలుసు. ఒకే వస్తువుకు ఇద్దరి దృష్టిలో రెండు విలువలున్నప్పుడు, ఎక్కువ తెలిసినవాడు మౌనంగా ఉండి తక్కువకు కొనడం చట్టం దృష్టిలో నేరం కాకపోవచ్చు. అమ్ముతున్నది ఒక వ్యక్తి సొంత ఆస్తి అయితే దానిని బేరసారాల చాకచక్యమని వదిలేయవచ్చు. ప్రజల ఆస్తిని, దాని విలువ ఎరగని ఉద్యోగి అమ్ముతున్నప్పుడు ఆ మౌనానికి నైతికమైన సమర్థన దొరకదు.

తనకు తెలిసినదానిని దాచక పంచిన విదేశీ నిపుణుడి ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. 1970ల ఆరంభంలో బ్రిటిష్ రైల్వే చరిత్రాభిమాని మైఖేల్ శాటో మన రైల్వేలకు సలహాదారుగా ఉండి, తుక్కులోకి పోనున్న అరుదైన ఇంజన్లను గుర్తించి ఎంపిక చేయడంలో తోడ్పడ్డాడు. ఆ కృషి ఫలించి 1977లో ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ రైలు మ్యూజియం తెరుచుకుంది. ఆయన పరిజ్ఞానం ఇంజన్లను దేశం దాటించడానికి కాక ఇక్కడే నిలపడానికి పనికివచ్చింది.

6. చట్టం పరిధి, అది వదిలిన సందు:

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన చారిత్రక వస్తువులు, గతకాలపు విజ్ఞానశాస్త్రాన్ని తెలిపే వస్తువులు పురావస్తువుల నిర్వచనంలోకి వస్తాయి. వాటిని కేంద్రప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇతరులు ఎగుమతి చేయరాదు. యునెస్కో 1970 ఒడంబడిక కూడా శాస్త్ర సాంకేతిక చరిత్రకు చెందిన వస్తువులను సాంస్కృతిక సంపదగా పరిగణిస్తుంది. భారతదేశం దానిని 1977లో ఆమోదించింది. ఈ లెక్కన 1900 నాటి ఇంజను ఏదైనా మిగిలి ఉంటే దానికి రక్షణ ఉంది.

చిక్కు ఆ తరువాతి తరాలతోనే. స్వతంత్ర భారతంలో చిత్తరంజన్‌లో తయారైన ఇంజన్లకు 100 ఏళ్లు నిండాలంటే 2050 దాటాలి, చివరి బ్రాడ్‌గేజ్ ఇంజనుకు 2070 రావాలి. చట్టం కళ్లు తెరిచేనాటికి అవి మిగులుతాయా? డార్జిలింగ్ మార్గానికి చెందిన 1889 నాటి 19వ నంబరు ఇంజను 1960లలో అమెరికాకు అమ్ముడుపోయింది. అప్పటికి ఈ చట్టమే లేదు. తరువాత అది ఇంగ్లండు చేరింది. అది విడిచివెళ్లిన మార్గం 1999లో ప్రపంచ వారసత్వమైంది. 2003లో రూపొందిన నిజ్నీ తగీల్ ప్రకటన పారిశ్రామిక వారసత్వాన్ని ఉన్నచోటనే కాపాడడానికి తొలి ప్రాధాన్యం ఇమ్మంటుంది. తప్పనిసరి ఆర్థిక, సామాజిక అవసరం ఉంటేనే విప్పి తరలించడాన్ని ఒప్పుకుంటుంది. అది శాసనం కాదు, నిపుణుల అంగీకారం మాత్రమే. చట్టం వదిలిన సందును ప్రస్తుతానికి పూడ్చగలిగినది కొనేవారి వివేకమొక్కటే.

7. కొనకుండా నడపడం:

కొనుగోలుకు ప్రత్యామ్నాయం లేదా? తిరుచిరాపల్లి సమీపంలోని పొన్మలై రైల్వే వర్క్‌షాపు నీలగిరి మార్గానికి కొత్త ఆవిరి ఇంజన్లను తయారుచేసింది. ఆ మార్గపు తొలి ఎక్స్ తరగతి ఇంజన్లు స్విట్జర్లాండు నుండి వచ్చినవి. ఇప్పుడు వాటి వారసులు తమిళనాడులో పుట్టినవి. ఇంగ్లండులోనూ 'టోర్నడో' అనే ఇంజనును అభిమానుల చందాలతో పూర్తిగా కొత్తగా నిర్మించి 2008లో పట్టాలెక్కించారు. కొత్త ఇంజనుకు పాత చరిత్ర ఉండదన్నది నిజమే. కాని పాత ఇంజనును నడిపినకొద్దీ దాని అసలు భాగాలు అరిగి, బాయిలరు మార్చవలసి వచ్చి, చరిత్ర అక్కడా తరిగిపోతూనే ఉంటుంది. నడపడానికి కొత్తది, చూపడానికి పాతది అన్న విభజన ఈ రెండు ఇబ్బందులనూ తప్పిస్తుంది. పాత బాయిలర్లకు చుట్టిన ఆస్‌బెస్టాస్ పొరను తొలగించే పనిలో కార్మికులకు కలిగే హాని మరో లెక్క. కొనుగోలు ముచ్చట్లలో దాని ఊసు తక్కువ.

విజయనగరం వైపు ఉదాహరణకు బొబ్బిలి–సాలూరు వంటి పొట్టి బ్రాడ్‌గేజ్ శాఖామార్గంపై ఎప్పుడైనా ఆవిరి రైలు నడపాలన్న ఆలోచన వచ్చినా పరదేశాల వైపు చూడనక్కరలేదు. హర్యానాలోని రేవాడి షెడ్డులో నడిచే స్థితిలో బ్రాడ్‌గేజ్ ఇంజన్లున్నాయి. మన దేశంలో ఇంజనుకు స్వదేశీ, విదేశీ అన్న గీత గీయడమూ అంత సులువు కాదు. డబ్ల్యూపీ తరగతి తొలి ఇంజన్లు 1947లో అమెరికాలో తయారైనవి, అనంతర కాలపువి చిత్తరంజన్‌లోనివి. వాటిని నడిపిన డ్రైవర్లకు ఆ తేడా ముఖ్యం కాలేదు.

8. దేశం దాటని తరలింపు:

కొనుగోలుదారు విదేశీయుడైతేనే ఈ ప్రశ్నలు లేస్తాయనుకోవడం పొరపాటు. గేజ్ మార్పిడి సందర్భంగా ఖాళీ అయిన నేరోగేజ్ సామగ్రి అంతా ఏదో ఒక అధికార కేంద్రానికి చేరుతుంది. పెద్ద నగరంలో సందర్శకులెక్కువ, కాపలా సులువు అన్న కారణాలు సబబైనవే. అయినా పర్లాకిమిడి మార్గపు ఇంజనును ఎక్కడ నిలపాలన్న నిర్ణయంలో టెక్కలి, పాతపట్నం, గుణుపురం ప్రజల మాటకు చోటుండాలి. ఆ మార్గంలో పనిచేసిన కుటుంబాల దగ్గర పాత పాసులు, ఫోటోలు, బదిలీ ఉత్తర్వులు, షెడ్డులో వాడిన పనిముట్ల పేర్లు మిగిలి ఉంటాయి. ఆవిరికాలంలో పనిచేసినవారిలో ఇంకా ఉన్నవారు వయోవృద్ధులు. ఇంజను ఇనుముకు తుప్పు పట్టకుండా రంగు వేయవచ్చు గాని, బాయిలరులో నీళ్ల మట్టం చూసి, పొగ రంగు చూసి మంట సరిదిద్దే నేర్పును వారు చెప్పగా రాసుకోకపోతే ఇంకొకరి నుండి పొందలేము. విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖల పరిశోధకులకు ఇది ఆలస్యం చేయరాని క్షేత్రకార్యం.

ఇంజను పక్కన పెట్టే ఫలకం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, అశ్వశక్తి రాసి ఊరుకోవడం మ్యూజియాల అలవాటు. నౌపడలో బయలుదేరి ఏయే ఊళ్లు దాటిందో, ఏ శిస్తు సొమ్ముతో వచ్చిందో, ఎవరు నడిపారో కూడా ఆ ఫలకంపై ఉండాలి. అది తెలుగు, ఒడియా, సవర భాషలు మూడింటిలోనూ ఉండాలి.